పచ్చ లేబుల్ క్రీమును ఎందుకు కొంటారు? కారణం కనిపెట్టి, దానికి తగ్గట్టు సరిచేసుకునే పద్ధతి

పర్యావరణానికి హాని చేయని క్రీము కొంటారా అని అడిగి చూడండి. కొనను అనేవాళ్లు దాదాపుగా దొరకరు. అదే మనిషి దుకాణంలో అర ముందు నిలబడ్డాక చెయ్యి మాత్రం పాత సీసా మీదికే పోతుంది. చర్మ సంరక్షణ ఉత్పత్తులు చిన్న ఎత్తున తయారుచేసి అమ్మేవాళ్లు, వాటికి ప్రకటనలు రాసేవాళ్లు, ఈ అంశం మీద ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు చాలామంది 'జనంలో స్పృహ పెరిగింది' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. స్పృహ పెరిగిన మాట నిజమే. కానీ ఒక ఫలానా సీసాను బుట్టలో వేయించే కారణాల్లో అది తరచుగా మూడోదో నాలుగోదో అవుతుంది. ముందు వరసలో ఉండేది కొనేవాళ్ల సొంత చర్మం: మంట పుడుతుందా, మొటిమలు వస్తాయా, అసలు పనిచేస్తుందా. ఈ మూడింటికీ జవాబు దొరికాకే భూమి సంగతి వస్తుంది.

కాబట్టి చేయాల్సిన పనులు రెండు. మీ కొనుగోలుదార్లను నిజంగా ఏది కదిలిస్తోందో తెలుసుకోవడం ఒకటి. తెలిసినదాన్ని బట్టి లేబుల్, ఫార్ములా, ప్యాకింగ్, ధర సరిచేసుకోవడం రెండోది. మొదటిది వదిలేసి నేరుగా రెండోదానికి దిగితే ఆకు బొమ్మ, గోధుమరంగు అట్టపెట్టె తప్ప ఏమీ మిగలవు.

ముందు కారణాలను విడదీసుకోండి

మనస్తత్వ శాస్త్రవేత్త ఐజెక్ ఐజెన్ 1991లో పూర్తి రూపంలో వివరించిన 'ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతం' ఈ రంగంలో ఎక్కువమంది వాడే చట్రం. దాని ప్రకారం ఒక పని చేయాలన్న ఉద్దేశం మూడు పోగులతో పేనుకుంటుంది: ఆ పని మంచిదేనన్న అభిప్రాయం, మనకు ముఖ్యమైనవాళ్లు ఏమనుకుంటారన్న లెక్క, అది మన చేతిలో ఉన్న పనేనా అన్న నమ్మకం. మూడోదాన్ని అమ్మేవాళ్లు బాగా నిర్లక్ష్యం చేస్తారు. రీఫిల్ ఎక్కడ దొరుకుతుందో తెలియకపోవడం, ఏ ముద్ర అసలుదో పోల్చుకోలేకపోవడం, పెద్ద సీసా కొని నప్పకపోతే డబ్బు దండగన్న భయం, ఇవన్నీ ఈ మూడో పోగులోవే. అభిప్రాయం ఎంత గట్టిగా ఉన్నా ఇది తెగితే కొనుగోలు జరగదు.

చర్మ సంరక్షణకు ప్రత్యేకంగా పనికొచ్చే పరిశోధన ఇంకొకటి ఉంది. 2010లో మైకేల్ లుక్స్, ఆయన సహ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, పర్యావరణహితం అనగానే జనం మనసులో 'మృదువైనది' అన్న భావం మెదులుతుంది. మృదుత్వం కోరుకునే సరుకుకు అది లాభం. పదును కోరుకునే సరుకుకు అదే నష్టం, 'పచ్చది కదా, అంత గట్టిగా పనిచేయదేమో' అన్న అనుమానం వస్తుంది.

దీన్ని మీ సరుకుల జాబితాకు అన్వయించి చూడండి. పసిపిల్లల లోషన్, మాయిశ్చరైజర్, లిప్ బామ్, సున్నిత చర్మానికి ఫేస్‌వాష్ ఒక వైపు పడతాయి. వీటికి పర్యావరణం మాట ముందు వైపు రాసినా మేలే. మొటిమల జెల్, సన్‌స్క్రీన్, డియోడరెంట్, మచ్చల సీరమ్ రెండో వైపు. వీటి ముందు భాగంలో పనితీరు మాత్రమే ఉండాలి: ఎస్‌పీఎఫ్ ఎంత, క్రియాశీల పదార్థం ఎంత శాతం, ఎన్ని వారాల్లో తేడా కనిపిస్తుంది. పర్యావరణం సంగతి వెనక వైపు రాయండి. గట్టిగా పనిచేస్తుందన్న స్పష్టమైన సూచన పక్కనే ఉంటే ఆ అనుమానం తగ్గుతుందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అన్ని సరుకులకూ ఒకే మూసలో ఆకుపచ్చ లేబుల్ వేయడం చాలా బ్రాండ్లు చేసే పొరపాటు. లోషన్ అమ్ముడుపోయి సన్‌స్క్రీన్ పోకపోతే ధర తగ్గించేముందు లేబుల్ చూడండి.

నలుగురిలో కనబడాలన్న కోరిక కూడా కొనిపిస్తుంది. పరిశోధకుడు వ్లాదాస్ గ్రిస్కెవీసియస్ బృందం 2010లో చేసిన ప్రయోగాల్లో హోదా ఆలోచన రేకెత్తించినప్పుడు జనం పచ్చని సరుకువైపు మొగ్గారు. అయితే అందరి ఎదుటా కొనేటప్పుడే అలా మొగ్గారు. ఒంటరిగా ఆన్‌లైన్‌లో కొంటున్నట్టు ఊహించుకున్నప్పుడు ఆ మొగ్గు కనబడలేదు. చర్మ సంరక్షణ సామాను ఎక్కువగా స్నానాలగదిలో తలుపు వెనక ఉండేదే. కాబట్టి హోదా మీద ఆధారపడిన ప్రచారం హ్యాండ్‌బ్యాగులోంచి బయటికి తీసే లిప్ బామ్, చేతుల క్రీము, బహుమతి పెట్టెలకు పనికొస్తుంది. రాత్రి రాసుకునే క్రీముకు అంతగా పనికిరాదు.

అడిగే పద్ధతి

మొదట సర్వే కాదు, మాట్లాడటం. గత 30 రోజుల్లో కొన్నవాళ్లు 8 మంది, మీ పేజీదాకా లేదా అరదాకా వచ్చి కొనకుండా వెళ్లినవాళ్లు 6 మంది చాలు. రెండో గుంపును వదిలేయకండి, అసలు సమాచారం వాళ్ల దగ్గరే ఉంటుంది. ఒక్కొక్కరితో 25 నిమిషాలు. ఆహ్వానంలో 'పర్యావరణం' అన్న మాట రాయవద్దు, 'చర్మానికి ఏమేం వాడతారో మాట్లాడదాం' అని రాయండి. ఆ మాట ముందే వినబడితే మంచివాళ్లుగా కనిపించే జవాబులే వస్తాయి.

ప్రస్తుతం వాడుతున్న సీసాలు ఎదురుగా పెట్టుకుని కూర్చోమనండి. ప్రశ్నల వరస ఇలా:

1. ఈ సీసా ఎప్పుడు, ఎక్కడ కొన్నారు? అంతకుముందు ఏది వాడేవాళ్లు?
2. పాతది ఎందుకు మానేశారు? ఆ రోజు ఏం జరిగింది?
3. కొనేముందు ఇంకేవి చూశారు? వాటిని ఎందుకు వదిలేశారు?
4. కొనేముందు ఎవరినైనా అడిగారా, ఏదైనా చదివారా?
5. మొదటిసారి రాసుకున్నప్పుడు ఎలా అనిపించింది?
6. అయిపోయాక మళ్లీ ఇదే కొన్నారా? ఖాళీ సీసా ఏం చేశారు?

'ఎందుకు కొన్నారు' అని నేరుగా అడగకండి. అడిగితే అప్పటికప్పుడు ఒక గౌరవప్రదమైన కారణం అల్లేస్తారు. 'ఆ రోజు ఏం జరిగింది' అంటే జరిగింది చెబుతారు. ఆరో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా నిజాయితీగా ఉంటుంది. పర్యావరణం కోసమే కొన్నానన్నవాళ్లు ఖాళీ పంపు సీసాను మామూలు చెత్తలో పడేశామని చెబితే, వాళ్లను కొనిపించింది వేరే ఏదో ఉందన్నమాట, లేదా పారేసే దారి మీరు చెప్పలేదన్నమాట.

ఇంకొకటి: కొత్త సీసా ఒకటి చేతికిచ్చి మాట్లాడకుండా చూడండి. ముందు వైపు ఒక్క క్షణం, వెంటనే తిప్పి వెనక వైపు. వేలు ఏ వరస మీద ఆగింది? పదార్థాల జాబితాలో మొదటి నాలుగైదు పేర్ల మీద ఆగితే వాళ్లు భద్రత వెతుకుతున్నారు. గడువు తేదీ మీద ఆగితే 'సహజం కాబట్టి త్వరగా పాడవుతుందేమో' అనుకుంటున్నారు. మూత తీసి వాసన చూస్తే, మీరు లేబుల్ మీద రాసిన ఏ మాటకన్నా ఆ వాసనే ఎక్కువ అమ్ముతుంది. ఈ గమనింపును కాగితం మీద సెకన్లతో సహా రాసుకోండి.

మాటలన్నీ రాశాక ఒక్కో కారణాన్ని ఒక్కో చీటీ మీద పెట్టి ఏడు గుంపులుగా వేరుచేయండి: చర్మ భద్రత, పనితీరు, వాడేటప్పటి హాయి, నమ్మకం, ధరా అందుబాటూ, పర్యావరణం, పదిమంది మాట. ఈ పని ఇద్దరు విడివిడిగా చేయాలి. అయిదు చీటీలకు ఒకటి కంటే ఎక్కువ చోట ఇద్దరికీ తేడా వస్తే గుంపుల హద్దులు సరిగా లేవని అర్థం. ఎక్కువ తేడా వచ్చే మాట 'కెమికల్స్ లేవు కదా'. అది పర్యావరణం గుంపులోది కాదు, నూటికి తొంభైపాళ్లు తన చర్మం గురించిన భయమే.

ఆ తర్వాతే సర్వే. 95 శాతం నమ్మకంతో 10 శాతం అటూ ఇటూ తేడా చాలనుకుంటే సుమారు 100 మంది, 5 శాతం కావాలంటే 385 మంది కావాలి. ఈ లెక్క యాదృచ్ఛికంగా ఎంచుకున్నవాళ్లకే వర్తిస్తుంది. మీ పేజీని ఇప్పటికే అనుసరిస్తున్నవాళ్లకు లింకు పంపి 385 జవాబులు తెచ్చుకుంటే, మీరంటే ఇష్టమున్నవాళ్లు ఏమంటారో మాత్రమే తెలుస్తుంది.

సర్వేలో 'ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయండి' అన్న ప్రశ్న పెట్టకపోవడమే మంచిది. అన్నిటికీ నాలుగు, అయిదు వేసి వెళ్లిపోతారు. బదులుగా 12 కారణాలు రాసుకుని ఒక్కో తెరమీద నాలుగు చూపించి 'వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏది, అన్నిటికన్నా తక్కువది ఏది' అని అడగండి. ప్రతి కారణం మూడుసార్లు రావాలంటే 9 తెరలు సరిపోతాయి. ముఖ్యమన్న సార్లలోంచి తక్కువన్న సార్లు తీసేస్తే వరస తేలిపోతుంది. ఒకే ప్రశ్నలో రెండు విషయాలు కలపకండి. 'సహజమైన, సురక్షితమైన పదార్థాలు' అని రాస్తే దేనికి ఓటు పడిందో మీకే తెలియదు.

ధర గురించి అడగడానికి పీటర్ వాన్ వెస్టెన్‌డార్ప్ 1976లో పరిచయం చేసిన నాలుగు ప్రశ్నలు తేలిక: ఎంత ధర దాటితే అసలు కొనరు, ఎంతైతే ఖరీదు అనిపించినా ఆలోచిస్తారు, ఎంతైతే చవగ్గా వచ్చిందనిపిస్తుంది, ఎంతకన్నా తక్కువైతే నాణ్యత మీద అనుమానం వస్తుంది. పర్యావరణహిత సరుకుకు నాలుగోది చాలా ముఖ్యం. మామూలు క్రీము ధర 100 పాళ్లు అనుకుంటే, మీది 80కి పెట్టినప్పుడు 'ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారు, నిజంగా సహజమేనా' అనేవాళ్లు ఎంతమందో లెక్క తేలుతుంది. అయితే జేబులోంచి డబ్బు తీయనప్పుడు నోటితో చెప్పే ధర ఎప్పుడూ కాస్త ఉదారంగానే ఉంటుంది. దాన్ని పైహద్దుగా తీసుకోండి, అమ్మకపు ధరగా కాదు.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు రెండు రకాల పేజీలు పెట్టి పోల్చవచ్చు, కానీ చేతిలో ఎంత రద్దీ ఉందో ముందు చూసుకోండి. వచ్చినవాళ్లలో 4 శాతం కొంటుంటే, అది 5 శాతానికి పెరిగిందని నమ్మకంగా చెప్పడానికి ఒక్కో పేజీకి 6,700 మంది దాకా కావాలి. 4 నుంచి 6కి పెరిగిందని చెప్పడానికి దాదాపు 1,900 మంది చాలు. అంటే రద్దీ తక్కువగా ఉన్నప్పుడు 'మంచిది' అన్నచోట 'ఉత్తమమైనది' అని మార్చి పరీక్షించడం వృథా. పెద్ద తేడా పెట్టండి: ముందు ఫొటోలో ఆకులు బదులు చర్మం మీద క్రీము రాసిన దగ్గరి ఫొటో, లేదా పర్యావరణం శీర్షిక బదులు పనితీరు శీర్షిక. ఒకసారికి ఒక్క మార్పే. కనీసం రెండు పూర్తి వారాలు నడపండి. మూడోరోజు ఒకటి ముందుంది కదా అని ఆపేస్తే మీరు చూసింది కాకతాళీయం.

లేబుల్ మీద ఏం రాయాలి

నమ్మకం పోగొట్టే మాటలు నాలుగున్నాయి: పర్యావరణహితం, సహజం, కెమికల్ రహితం, భూమికి మేలు. వీటిలో ఏదీ కొలవడానికి వీల్లేదు. నీళ్లు కూడా కెమికలే కాబట్టి 'కెమికల్ రహితం' శుద్ధ అబద్ధం. కొలవగలిగేదే రాయండి. 'సీసా బరువులో 50 శాతం వాడేసిన ప్లాస్టిక్ నుంచి చేసినది, మూత, పంపు కొత్త ప్లాస్టిక్' అని రాస్తే చదివినవాడు నమ్ముతాడు. ఆ రెండో ముక్క, అంటే మీ లోటు మీరే ఒప్పుకున్నది, మొదటి ముక్కకు సాక్ష్యం చెబుతుంది.

చట్టాలు కూడా అటే నడుస్తున్నాయి. యూరోపియన్ యూనియన్ 2024/825 డైరెక్టివ్ 2026 సెప్టెంబర్ 27 నుంచి అమలు. రుజువు లేని స్థూలమైన పర్యావరణహిత మాటలనూ, వేరేచోట చెట్లు నాటి 'మా క్రీము కార్బన్ తటస్థం' అనడాన్నీ అది నిషేధిస్తుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 'గ్రీన్ గైడ్స్' (పర్యావరణ ప్రచారానికి మార్గదర్శకాలు) 1992 నుంచి ఉన్నాయి, 2012లో సవరించారు. భారత్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో ఇలాంటి మార్గదర్శకాలే ఇచ్చింది.

ముద్రల విషయంలో రెండు మాటలు కలిపేసి చెబుతుంటారు. కాస్మోస్ అన్నది బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే ధ్రువీకరణ. దాని 'ఆర్గానిక్' ముద్ర రావాలంటే మొత్తం ఉత్పత్తిలో కనీసం 20 శాతం ఆర్గానిక్ పదార్థం ఉండాలి, కడిగేసే సరుకుల్లాంటి కొన్నిటికి 10 శాతం చాలు. భౌతిక పద్ధతుల్లో తీసిన వ్యవసాయ పదార్థాల్లో కనీసం 95 శాతం ఆర్గానిక్ అయి ఉండాలి. ఐఎస్ఓ 16128 మాత్రం ధ్రువీకరణ కాదు, సహజ పదార్థం ఎంత శాతమో లెక్కగట్టే సూత్రం. ఆ లెక్కను నీళ్లు కలిపీ చేయవచ్చు, తీసేసీ చేయవచ్చు. 100 గ్రాముల లోషన్‌లో 80 గ్రాములు నీళ్లు, 10 గ్రాములు మొక్కల నూనెలు, 10 గ్రాములు కృత్రిమ పదార్థాలు ఉన్నాయనుకోండి. నీళ్లు కలిపితే 90 శాతం సహజం. నీళ్లు తీసేస్తే 20 గ్రాముల్లో 10, అంటే 50 శాతం. రెండూ నిజమే. విషయం తెలిసిన కొనుగోలుదారు ఈ కిటుకు పట్టేస్తాడు, పట్టుకున్నాక మీ మిగతా మాటలేవీ నమ్మడు. రెండు అంకెలూ రాయండి.

పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నవి ముందు వస్తాయి, 1 శాతం కంటే తక్కువున్నవాటిని ఏ వరసలోనైనా రాయవచ్చు. అందుకే ప్రిజర్వేటివ్ (పాడవకుండా వేసే పదార్థం, మామూలుగా 1 శాతం దాపే ఉంటుంది) కంటే వెనక ఉన్న పూల సారం పేరు ముందు వైపు పెద్ద అక్షరాల్లో కనిపిస్తే, ఆ సారం చిటికెడు కూడా ఉండకపోవచ్చని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. వేగన్, జంతువులపై పరీక్షించనిది, పర్యావరణహితం, ఈ మూడూ మూడు వేర్వేరు సంగతులు. జంతు పదార్థం లేని క్రీము పునర్వినియోగానికి పనికిరాని ట్యూబులో ఉండవచ్చు. మూడింటికీ కలిపి, జంతువులపై పరీక్షించలేదని సూచించే కుందేలు బొమ్మ ఒక్కటే వేయకండి. 'రీఫ్ సేఫ్' (పగడపు దిబ్బలకు హాని చేయనిది) అన్న మాటకు కూడా అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. హవాయిలో 2021 జనవరి 1 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే ఎండను ఆపే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకం నిషేధం. ఆ రెండూ లేవని పేర్లతో రాస్తే సరిపోతుంది.

'ఫలానాది లేదు' అన్న ప్రచారం దగ్గర కాస్త ఆగాలి. పారాబెన్లు అనే ప్రిజర్వేటివ్‌ల మీద భయం పెరిగాక చాలామంది తయారీదార్లు వాటిని తీసేసి మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ వాడటం మొదలుపెట్టారు. దానివల్ల చర్మ అలర్జీలు విపరీతంగా పెరిగాయి. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్ని 'ఈ ఏటి అలర్జీ కారకం'గా ప్రకటించింది. రాసుకుని వదిలేసే ఉత్పత్తుల్లో యూరప్ 2017 నుంచి దాన్ని నిషేధించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్లను 'ఈ ఏటి అలర్జీ కారకం కానిది'గా పేర్కొంది. భయాన్ని అమ్మితే మొదటి సీసా పోతుంది. ఆ స్థానంలో ఏం వాడారో, ఎందుకు వాడారో చెప్పగలిగితేనే రెండోది పోతుంది.

రెండో సీసా ఎక్కడ ఆగిపోతుంది

మొదటి కొనుగోలుకు కారణం లేబులైతే, రెండో కొనుగోలుకు కారణం క్రీమే. నీళ్లున్న ప్రతి ఫార్ములాకూ ప్రిజర్వేటివ్ కావాలి. విటమిన్-ఇ, రోజ్‌మేరీ సారం నూనెలకు ముక్కిపోయిన వాసన రాకుండా ఆపుతాయి గానీ బ్యాక్టీరియాను ఆపవు. సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ వాడుతుంటే పీహెచ్ (ఆమ్లత కొలత) చూడాల్సిందే. పనిచేసేది దానిలోని అయానీకరణ చెందని బెంజోయిక్ ఆమ్లం. పీహెచ్ 5 దగ్గర అది ఏడో వంతు ఉంటుంది, 6 దగ్గర నూటికి ఒకటిన్నర మాత్రమే. ఒకే మోతాదు వేసినా మొదటి బ్యాచ్ బాగుండి రెండోది బూజు పట్టిందంటే ముందు చూడాల్సింది ఇదే. తయారీ ఖరారయ్యాక ఐఎస్ఓ 11930 ప్రకారం 28 రోజుల చాలెంజ్ పరీక్ష (కావాలని క్రిములు కలిపి, అవి చస్తాయో లేదో చూసేది) చేయించండి. పాడైన ఒక్క డబ్బా ఫొటో పదిమందికి చేరితే 'సహజమైనవి నిలవ ఉండవు' అన్న పాత అనుమానం బలపడిపోతుంది.

సుగంధ నూనెలున్నంత మాత్రాన క్రీము మృదువైనదైపోదు. వాటిలోని లిమోనిన్, లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణ చెందాక అలర్జీ తెప్పించే పదార్థాలుగా మారతాయి. వెడల్పు మూతి డబ్బా కన్నా పంపు సీసా ఇక్కడ మేలు. సున్నిత చర్మం వాళ్లకు అమ్ముతుంటే వాసన లేని రకం ఒకటి తప్పక ఉంచండి.

కొన్ని ఫిర్యాదులు లోపాల వల్ల వచ్చేవి కావు, ముందే చెప్పకపోవడం వల్ల వచ్చేవి. సల్ఫేట్ లేని ఫేస్‌వాష్ నురగ తక్కువిస్తుంది, నురగ రాలేదని రెండింతలు పిండుకుంటారు, సీసా సగం రోజుల్లో అయిపోతుంది, 'ఖరీదు' అన్న పేరొస్తుంది. సీసా మీద 'ఒక్క నొక్కు చాలు, నురగ తక్కువగానే ఉంటుంది' అని రాయండి. జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ తెల్లగా కనబడుతుంది. ఎన్ని నిమిషాల్లో తగ్గుతుందో, ఏ ఛాయ వాళ్లకు ఎలా ఉంటుందో ఫొటోలతో చూపండి. శుద్ధి చేయని నూనె వాడితే బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ రంగు మారుతుంది. ఆ సంగతి పెట్టె మీద ఒక్క వరస రాస్తే సగం ఫిర్యాదులు రావు.

పంపు విప్పి చూడండి

మీ సీసా పునర్వినియోగానికి పనికొస్తుందని రాసేముందు పంపును విప్పండి. నొక్కే తల, మెడ, లోపల స్టీలు స్ప్రింగు, గాజు లేదా స్టీలు గోళీ, కింద గొట్టం. ప్లాస్టిక్‌తో లోహం, గాజు కలిసిన ఈ ముక్కను విడదీసి కరిగించడం మామూలు కేంద్రాల్లో జరగదు. పూర్తిగా ప్లాస్టిక్‌తోనే చేసిన పంపులు దొరుకుతున్నాయి. అవి వాడలేకపోతే 'పంపు తీసేసి సీసా ఒక్కటే వేయండి' అని రాయండి. కార్బన్ బ్లాక్ వేసిన నల్ల ప్లాస్టిక్‌ను వేరుచేసే యంత్రాల ఇన్‌ఫ్రారెడ్ కిరణం పసిగట్టలేదు. సుమారు 5 సెంటీమీటర్ల కన్నా చిన్న మూతలు, బుల్లి డబ్బాలు జల్లెడలోంచి జారిపోతాయి.

గాజు చూడగానే ఖరీదుగా, శుభ్రంగా అనిపిస్తుంది, కొనిపిస్తుంది కూడా. కానీ బరువు ఎక్కువ, కరిగించడానికి వేడి ఎక్కువ కావాలి, ఒక్కసారి వాడి పారేస్తే తేలిక ప్లాస్టిక్ కన్నా మేలని చెప్పలేం. తిరిగి నింపితేనే దానికి అర్థం. పీఎల్ఏ లాంటి 'కంపోస్ట్ అయ్యే' ప్లాస్టిక్‌కు పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రంలో ఉండే 58 డిగ్రీల దాపు వేడి కావాలి, పెరట్లో పాతిపెడితే అలాగే ఉండిపోతుంది.

రీఫిల్ పెట్టినవాళ్లు చేసే తప్పు ధర దగ్గర. గ్రాముకు లెక్కేస్తే రీఫిల్ కొత్త సీసా కన్నా కచ్చితంగా తక్కువ పడాలి, ఆ తేడా లెక్కవేసి చూపాలి. పౌచ్ అయితే మూతి సీసా మూతిలో పట్టాలి. ఒలికిపోయిన క్రీము తుడుచుకున్నవాళ్లు రెండోసారి రీఫిల్ జోలికి రారు. నింపేముందు సీసా కడిగి పూర్తిగా ఆరబెట్టాలని రాయండి, తడి మిగిలితే ప్రిజర్వేటివ్ పలచబడి క్రిములు పెరుగుతాయి. అంతకన్నా మేలు, లోపలి కప్పు మార్చుకునే రకం డబ్బా. పొరలు పొరలుగా ఉండే పౌచ్‌లు పునర్వినియోగానికి పనికిరావన్నది మరచిపోకండి. వాటి లాభం బరువు తగ్గడంలోనే ఉంది, ఆ మాటే చెప్పండి.

పక్కవాళ్ల మాట బలం ఇక్కడ బాగా పనికొస్తుంది. నోవా గోల్డ్‌స్టీన్, రాబర్ట్ చాల్దీని, గ్రిస్కెవీసియస్ 2008లో ప్రచురించిన హోటల్ తువ్వాళ్ల ప్రయోగంలో, 'పర్యావరణాన్ని కాపాడండి' అన్న కార్డు కన్నా 'ఈ గదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది తువ్వాలు మళ్లీ వాడారు' అన్న కార్డు బాగా పనిచేసింది. మీ దగ్గర నిజమైన అంకె ఉంటే, 'ఈ లోషన్ కొన్నవాళ్లలో ఇంతమంది రెండోసారి రీఫిల్ తీసుకున్నారు' అని బిల్లు కట్టే చోట రాయండి. సరిగ్గా అదే సరుకు కొన్నవాళ్ల గురించే రాయాలి. అంకె తక్కువగా ఉంటే రాయకండి, ఎవరూ తీసుకోవడం లేదని చెప్పినట్టవుతుంది.

భయం తగ్గించే చిన్న సీసా

నప్పకపోతే దండగ అన్న భయానికి మందు 10 నుంచి 15 మిల్లీలీటర్ల శాంపిల్. ఇది ప్యాకింగ్ పెంచుతుంది, నిజమే. ఇష్టం లేక సగంలో పారేసే 100 మిల్లీలీటర్ల సీసా కంటే నయం. ముఖానికి వాడేదైతే రోజుకు రెండుసార్లు లెక్కన వారం రోజులకు 10 మిల్లీలీటర్లు సరిపోతాయి. దానితోపాటు ఒక చీటీ పెట్టండి: మోచేతి మడత లోపల రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాసి చూడాలి, ఎర్రబడితే, దురద పుడితే కడిగేసి ఆపేయాలి.

మార్పులు చేశాక ఫలితాన్ని మొదటి వారం అమ్మకాలతో కొలవకండి, కొత్త లేబుల్ మోజుకు కొన్నవాళ్లు అందులో కలిసిపోతారు. సీసా ఎన్నాళ్లు వస్తుందో లెక్కగట్టండి. 50 గ్రాముల క్రీము, ఒక్కసారికి 0.8 గ్రాము, రోజుకు రెండుసార్లు అయితే 31 రోజులు. కొన్న 25వ రోజు నుంచి 60వ రోజు మధ్య మళ్లీ వచ్చినవాళ్ల శాతం మీకు కావలసిన అంకె. పాత లేబుల్‌తో కొన్నవాళ్లదీ కొత్త లేబుల్‌తో కొన్నవాళ్లదీ విడివిడిగా రాసుకోండి. 60 రోజులు దాటినా రానివాళ్లకు ఒక్క ప్రశ్న పంపండి: 'అది అయిపోయాక ఇప్పుడు ఏం వాడుతున్నారు?' సీసా ఇంకా సగం ఉందన్న జవాబులు ఎక్కువ వస్తే మళ్లీ ఫార్ములా దగ్గరికి వెళ్లాలి. వేరే సరుకు పేరు చెబితే ఆ సీసా ఒకటి తెప్పించి, తిప్పి, వెనక వైపు చదవండి.